దారాల డ్రాయరులో ఫోను

ఆ వర్షాకాలం నాటికి మా ముందుగది గోడ మీద ఇరవై దాకా పాత ఫోన్లు ఉండేవి. నాన్న వడ్రంగి. ఒక్కో ఫోను కొలతా తీసుకుని, గూళ్ళు గూళ్ళుగా షెల్ఫు చేసి, వైర్లు బయటికి కనపడకుండా వెనకనుంచి కన్నాలు పెట్టి ఇచ్చాడు. ఆ షెల్ఫు కిందే అమ్మ కుట్టుమిషను. అమ్మ ఆసుపత్రులకి దిండు గలీబులు కుడుతుంది. ఆమె కింద మిషను తొక్కుతుంటే, పైన ఫోన్లు వాటంతట అవే వెలిగేవి. ఎవరూ ముట్టుకోకుండానే తెరల మీద బటన్లు నొక్కుకునేవి, అక్షరాలు పడేవి, ఆరిపోయేవి. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి చూసేవారు.

“అమ్మాయి ఫోన్లు బాగుచేస్తుందా?”

“బాగుచెయ్యదు. ఎక్కడ పాడవుతాయో చూస్తుంది,” అనేవాడు నాన్న. “జీతమొచ్చే ఉద్యోగం వేరే ఉందిలెండి. ఇది ఊరికే.”

ఊరికే అన్న మాట నిజమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. కంపెనీ పని అయ్యాక మిగిలిన సమయంలో, యాప్‌లు తయారుచేసేవాళ్ళకి అక్కరకొచ్చే ఒక పనిముట్టుని ఎక్కడెక్కడో ఉన్న మరికొందరితో కలిసి చూసుకునేదాన్ని. దానికి యజమాని లేడు. దాని కోడుని ఎవరైనా చదవచ్చు, తీసుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపచ్చు. ఎవరైనా యాప్ రాస్తే మా పనిముట్టు దాన్ని రకరకాల ఫోన్లలో తెరిచి, మనిషి వేలితో నొక్కినట్టే ప్రతి బటనూ నొక్కి, ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది. నేను కాలేజీలో ఉన్నప్పుడు పుస్తకాలు కొనలేక, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇలా అందరికీ వదిలిపెట్టిన కోడు చదివి ఈ పని నేర్చుకున్నాను. అందుకని ఇది నేను చెయ్యాల్సిన పనే అనుకునేదాన్ని.

షెల్ఫు మీద లేని ఫోను ఇంట్లో ఒకటుండేది. కుట్టుమిషను డ్రాయరులో, దారపు ఉండల మధ్య, ఎప్పుడూ ఛార్జింగులోనే. అది మా తమ్ముడిది. అంతకు రెండేళ్ళ క్రితం, ఇలాంటి వానల్లోనే, పార్సిళ్ళ గోదాములో పొద్దుటి షిఫ్టుకి వెళ్తూ బండి జారి చనిపోయాడు. ఫోనుని ప్లాస్టిక్ సంచిలో వేసి మాకిచ్చారు. ఒక మూల పగిలింది, అంతే. లోపలికి వెళ్ళాలంటే తెర మీద చుక్కలు కలుపుతూ ఒక గీత గియ్యాలి. ఆ గీత వాడికే తెలుసు. వాడు పెట్టుకున్న అలారం మాత్రం గీతతో పని లేకుండా రోజూ తెల్లవారుజామున మోగేది. అమ్మ వెంటనే ఆపేది కాదు. కాసేపు మోగనిచ్చి, “చాల్లేరా,” అని అప్పుడు నొక్కేది.

*

మా పనిముట్టుని మొదలుపెట్టిన పెద్దమనిషిని నేనెప్పుడూ ఎదురుగా చూడలేదు. తన ఫొటోకి బదులు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నాడు. అందుకని మా ఇంట్లో ఆయన గుడ్లగూబ. “గుడ్లగూబగారు ఏమంటున్నారు, జీతం పెంచారా?” అని నాన్న భోజనాల దగ్గర అడిగేవాడు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. మాలో ఎవరి చేతిలోనూ లేని ఫోనుకి మేం హామీ ఇవ్వకూడదు. కంప్యూటర్లో దాని నకలు నడిపి చూశామంటే ఒప్పుకోడు. అసలు ఫోను ఎవరో ఒకరి గోడ మీద ఉండాలి, అందులో పరీక్ష నడవాలి. లేకపోతే ఆ మోడల్‌ని జాబితాలోంచి తీసేస్తాం. తీసేశాక దాని మీద వచ్చే ఫిర్యాదులు ఎవరూ చూడరు.

వానలు మొదలైన వారంలోనే ఆయన దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఒక మోడల్ మాలో ఒక్కడి దగ్గరే ఉండేదనీ, దాని బ్యాటరీ ఉబ్బిపోతే పారేశాడనీ రాశాడు. “ఇంకెవరి దగ్గరైనా ఉందా? లేకపోతే తర్వాతి విడుదలలో తీసేస్తాను.”

అది చవక ఫోను. ఇంటింటికీ తిరిగి పసిపిల్లలకి టీకాలు వేసే నర్సులకి వాళ్ళ ఆఫీసు ఇచ్చింది ఆ మోడలే. మా డ్రాయరులో ఉన్నదీ ఆ మోడలే.

“వెతుకుతాను, కొంచెం ఆగండి,” అని రాశాను.

“మీ దగ్గర ఉందా?”

“ఉంది. వాడుకునేలా లేదు.”

“సరే,” అన్నాడు. పని మాట అయ్యాక ఆయన అంతకన్నా ఎక్కువ మాట్లాడడు.

ఆదివారం నాన్నని తీసుకుని పాత ఫోన్లు అమ్మే వీధంతా తిరిగాను. గొడుగు ఒకటే. ఇద్దరి భుజాలూ చెరోవైపు తడిశాయి. ఒక దుకాణంలో తెర ఉంది, లోపలి బోర్డు లేదు. ఇంకోదాంట్లో బోర్డు ఉంది, అది కాలిపోయి ఉంది. చివరి దుకాణం అతను నవ్వాడు.

“ఆ మోడలా? అది ఫోను కాదమ్మా, కాగితాలు ఎగరకుండా పెట్టుకునే బరువు. ఎవరి దగ్గరన్నా ఉంటే పిల్లలు ఆడుకోడానికి ఇచ్చేసుంటారు.”

నాన్న ఏదో అనబోయి గొడుగు విప్పాడు.

*

తర్వాతి వారం వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలి, పొద్దుటినుంచి కరెంటు లేదు. షెల్ఫుకి నేనొక పెద్ద బ్యాటరీ పెట్టాను కాబట్టి గోడ మీద ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి. అమ్మ వెలుతురు కోసం కిటికీ పక్కకి ముక్కాలిపీట జరుపుకుని, చేత్తో కుట్టుకుంటోంది.

“అమ్మాయ్, చిన్నోడి ఫోనుకి కూడా ఓ వైరియ్యి. ఒకసారి ఆరిపోతే మళ్ళీ అలారం మోగదన్నావుగా.”

నిజమే. ఒకసారి ఆగి మళ్ళీ మొదలైతే, గీత గీసేదాకా అది దేనికీ పలకదు. షెల్ఫు మీదనుంచి ఒక ఫోను తీసి, ఆ వైరుని డ్రాయరు దాకా లాగి పెట్టాను. తెర వెలిగింది. గడియారం అంకెల వెనక వాడు పెట్టుకున్న ఫొటో కనిపించింది. వాడి బండి సీటు మీద ముడుచుకుని నిద్రపోతున్న వీధికుక్క.

అమ్మ సూదికి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“ఇది తెరుచుకుంటుందా?”

ఆ ప్రశ్న కొత్తది కాదు. చూస్తానమ్మా అనడం నాకు అలవాటైపోయింది. నాకు తెలిసిన దారులన్నీ ఎప్పుడో చూసేశాను. కానీ ఆ రోజు మిషను చప్పుడు లేదు, ఫ్యాను చప్పుడు లేదు. మాట దాటెయ్యడానికి గదిలో ఇంకేమీ లేదు.

“తెరుచుకోదమ్మా.”

“నీవల్ల కాదా, ఎవరివల్లా కాదా?”

“ఎవరివల్లా కాదు. గీత తెలియాలి. తెలియకపోతే మొత్తం చెరిపేసి, కొత్తదానిలా మొదలుపెట్టాలి. అదొక్కటే దారి.”

“మరి ఇన్నాళ్ళూ చూస్తానన్నావు.”

“అన్నాను.”

ఆమె దారం కొరికి ముడి వేసింది. “అయితే లోపలున్నవి వాడితోనే పోయాయన్నమాట,” అంది. తర్వాత ఇంకో గలీబు అందుకుంది. నేను అక్కడే కూర్చున్నాను. ఆమె నన్ను తిట్టలేదు, ఏడవనూ లేదు. కాసేపయ్యాక, “వెళ్ళి పని చూసుకో, ఆ బ్యాటరీ అయిపోతుంది,” అంది.

*

మా వెనక వీధిలో ఉండే నర్సమ్మ అమ్మని వదినా అని పిలుస్తుంది. ఒక మధ్యాహ్నం మోకాళ్ళ దాకా తడిసి వచ్చింది. చేతిలో ఆఫీసు ఫోను, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన కాగితాల కట్ట.

“వదినా, మీ అమ్మాయి ఉందా? దీన్ని ఆ గోడకి తగిలించి ఓ నాలుగు పీకమను.”

“ఏం చేసింది?”

“ఏం చెయ్యట్లేదు, అదే బాధ. కొత్త యాప్ వేసుకోమన్నారు, వేసుకున్నా. పిల్ల పేరు నొక్కగానే టపీమని మూసుకుపోతోంది. మళ్ళీ తెరువు, మళ్ళీ మూసుకుపోవుడు. పై ఆఫీసుకి ఫోన్ చేస్తే కాగితాల మీద రాసుకోమంటారు. ఈ వానలో కాగితం ఎక్కడ నిలుస్తుంది?”

ఆమె ఫోనుని నా కంప్యూటరుకి తగిలించి చూశాను. ఆఫీసు వాళ్ళు లోపల తాళం వేసి ఇచ్చారు. నన్ను రానివ్వలేదు. అయినా మూసుకుపోయే ముందు తెర మీద పడే ముక్క చదివితే సంగతి అర్థమైంది. ఆ యాప్ చేసినవాళ్ళు, ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టే మా కోడు భాగాన్ని అందులో కలుపుకున్నారు. మూసుకుపోతున్నది అక్కడే.

“నిన్నయితే వదినా, ఒక పసిదానికి వేసిన సూదే మళ్ళీ వెయ్యబోయాను,” అంది నర్సమ్మ. గొంతు తగ్గింది. “రాసుకున్న కాగితం తడిసి ముద్దయింది. పేరు ఒకటే కనిపిస్తోంది, తేదీ లేదు. తల్లి నా చెయ్యి పట్టుకుని, మొన్ననే వేశారు కదండీ అంది. ఆ పిల్ల తల్లి నోరున్న మనిషి కాబట్టి సరిపోయింది. లేకపోతే?”

“కొత్త ఫోన్లు ఇవ్వరా మీకు?”

“వచ్చే ఏడాదట. వాళ్ళ వచ్చే ఏడాది నాకు తెలీదా.”

అమ్మ నా వంక తిరిగింది. “నువ్వు చూడలేవా?”

“ఇదే మోడలు నా చేతిలో ఉంటే చూడగలనమ్మా.”

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. నర్సమ్మకి డ్రాయరు సంగతి తెలియదు. “పోనీలేమ్మా, నీ తప్పేముంది,” అని కాగితాలు చంకలో పెట్టుకుని, గుమ్మంలో చెప్పులు విదిలించుకుని వెళ్ళిపోయింది. అమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసింది, తిప్పలేదు.

*

మర్నాడు సాయంత్రం నేను వంటగదిలో ఉండగా ముందుగదిలో మాటలు వినిపించాయి.

“లోకంలో ఫోన్లన్నీ అయిపోయి మనవాడిదే దొరికిందా?” నాన్న గొంతు.

“అమ్మాయేం అడగలేదు. నేనే అంటున్నాను.”

“అది మోగితేనే నాకు తెల్లారేది.”

“తెలుసు. మోగకముందే లేచి కూర్చుని దానికోసం చూస్తారు. నేను కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నాననుకుంటున్నారా?”

నాన్న కుర్చీ జరిపిన చప్పుడయింది.

“ఇన్నాళ్ళూ మోగింది కదా,” అంది అమ్మ. “వాడు లేచాడా? ఫోన్నన్నా లేవనివ్వండి.”

నాన్న గొడుగు తీసుకుని బయటికి వెళ్ళాడు. వాన మరీ ఎక్కువగా ఉండటంతో వీధి మలుపు కూడా దాటకుండా తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి గొడుగు చాలాసేపు దులుపుకున్నాడు.

నేను పొయ్యి కట్టేసి అక్కడే నిలబడ్డాను. ఇచ్చెయ్యమ్మా అనడానికి నోరు రాలేదు. వద్దమ్మా అనడానికీ రాలేదు.

*

రెండు మూడు రోజులు ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఒక పొద్దున అలారం మోగితే అమ్మ ఆపలేదు. చాల్లేరా అనలేదు. అది మోగీ మోగీ తనంతట తనే ఆగిపోయింది. కాసేపటికి నా కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంకో చేతిలో ఉన్న ఫోనుని కుట్టగా మిగిలిన గుడ్డముక్కతో తుడిచి, గ్లాసు పక్కన పెట్టింది.

“ఛార్జింగు నిండుగా ఉంది,” అంది.

నాకు వెంటనే తోచింది, ఏది పోతున్నా ముందు ఒక నకలు దాచుకోమనే కంపెనీ బుద్ధి. “అలారం మోత నా ఫోనులో రికార్డు చేసి పెట్టనా అమ్మా?”

“ఎందుకు?”

“ఎప్పుడైనా వినాలనిపిస్తే.”

“వాడు అది వినడానికి పెట్టుకోలేదే. లేవడానికి పెట్టుకున్నాడు.”

కుక్క ఫొటో మాత్రం పైనుంచి నా ఫోనుతో తీసుకున్నాను. వెనక నిలబడ్డ నాన్న, “నాకూ పంపు,” అన్నాడు.

పక్కనున్న రెండు మీటల్ని కలిపి నొక్కి పట్టుకుంటే తెర నల్లబడి, అన్నీ చెరిపెయ్యనా అని అడుగుతుంది. అవును, కాదు. ఆ పని నేను షెల్ఫు మీద ఫోన్లకి లెక్కలేనన్నిసార్లు చేశాను. వేలు దానంతటదే వెళ్ళేది.

“ఎంతసేపు పడుతుంది?” నాన్న అడిగాడు.

“రెండు నిమిషాలు.”

“అంతేనా.”

అవును మీద నొక్కాను. నాన్న వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అమ్మ నా పక్కనే ఉంది. తెర మీద చిన్న గీత ఒకటి మెల్లిగా నిండుతూ పోయింది. నిండాక ఫోను ఒకసారి వణికి, తెల్లగా వెలిగింది.

“ఏమంటోంది?” అంది అమ్మ.

“ఏ భాషలో మాట్లాడాలో చెప్పమంటోంది.”

“మనదాంట్లోనే మాట్లాడమను,” అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటగదిలో కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. ఒక్క గ్లాసు కడగడానికి అంత నీళ్ళు అక్కర్లేదు.

మర్నాడు తెల్లవారుజామున ముగ్గురం మూడు చోట్ల మెలకువగా పడుకుని ఉన్నాం. వాన తప్ప ఏ చప్పుడూ లేదు. కాసేపయ్యాక నాన్న లేచి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అమ్మకి కాఫీ కలిపి ఇచ్చాడు. నాకు ఊహ తెలిశాక ఆయన పొయ్యి ముట్టించడం అదే మొదటిసారి. చక్కెర వెయ్యడం మర్చిపోయాడు. అమ్మ అలాగే తాగింది. అప్పట్నుంచి పొద్దుటి కాఫీ నాన్నదే అయింది.

*

“ఫోను దొరికింది,” అని గుడ్లగూబకి రాశాను.

“మంచిది. ఎవరిచ్చారు? కృతజ్ఞతల్లో పేరు పెడదాం.”

“మా తమ్ముడిది. ఇప్పుడు లేడు.”

ఆయన జవాబు రాత్రికి వచ్చింది. “పెట్టమంటే పెడతాను, వద్దంటే వద్దు,” అని ఉంది. పనికి సంబంధం లేని మాట ఆయన అంత రాయడం నేను చూడలేదు. అమ్మనడిగాను.

“వాడికెందుకు, వాడేం చేశాడని?” అంది. “నర్సమ్మ ఫోను పనిచేస్తే చాలు.”

తప్పు దొరకడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆ ఫోను తయారుచేసినవాళ్ళు ఖర్చు తగ్గించుకోడానికి లోపల ఒక భాగాన్ని తీసేశారు. మా కోడు అది అక్కడుందనుకుని చెయ్యి చాపుతోంది. కంప్యూటర్లో నడిపే నకలులో ఆ భాగం ఉంది. అందుకే అక్కడ ఎప్పుడూ ఏ తప్పూ కనిపించలేదు. దిద్దింది నాలుగు వరసల కోడు. గుడ్లగూబ చదివి, ఒక కామా మార్చి ఒప్పుకున్నాడు. అది విడుదలై, యాప్ చేసినవాళ్ళు కలుపుకుని, నర్సమ్మ చేతిలోకి వచ్చేసరికి వానలు వెనకపట్టాయి. ఆవిడ కాగితాల కట్ట తెచ్చి అమ్మ ఒళ్ళో పడేసి, “పొయ్యి రాజేసుకో వదినా,” అంది.

కానీ ఆ కాలం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అంతకు ముందటి ఒక మధ్యాహ్నం. తప్పు దిద్దాక మొదటిసారి పరీక్ష నడిపిన రోజు.

తమ్ముడి ఫోను మిగతావాటికన్నా లావు. నాన్న ఒక గూడుని లోపలినుంచి చెక్కి వెడల్పు చేశాడు. పగిలిన మూల కిందికి వచ్చేలా ఫోనుని అందులో నిలబెట్టి, నేను కంప్యూటర్లో మీట నొక్కాను. నర్సుల యాప్ తెరుచుకుంది. ఎవరూ ముట్టుకోకుండానే కొత్త బిడ్డ అన్న బటను నొక్కుకుంది. పాప ఒకటి అని పేరు పడింది, పుట్టిన తేదీ పడింది. తర్వాత ఆ పేరు మీద నొక్కుకుంది. ఇదివరకు మూసుకుపోయేది అక్కడే. మూసుకుపోలేదు. మొదటి టీకా వేశారు అని టిక్కు పడింది. ఆ తర్వాత బాబు రెండు.

అమ్మ మిషను తొక్కడం ఆపింది.

“ఎవరే ఈ పిల్లలంతా?”

“ఎవరూ కాదమ్మా. పరీక్ష కోసం నేను రాసిన ఉత్తుత్తి పేర్లు.”

“ఇంకా ఉన్నారా?”

“నలభై మంది.”

ఆమె ముక్కాలిపీట గోడవైపు తిప్పుకుంది. ఒళ్ళో సగం కుట్టిన గలీబుతో, ఒక్కో పేరూ పెదవులు కదుపుతూ చదువుకుంది. నాన్న చెవి మీద పెన్సిలుతో వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీద పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి, పేరు రాయించుకుని, టీకా వేయించుకుని వెళ్ళారు. చివరి పాప దగ్గర తెర ఒక్క క్షణం కదల్లేదు. అమ్మ పీట మీంచి ముందుకు వంగింది. తర్వాత తేదీ పడింది.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“మరి వీళ్ళందర్నీ ఇప్పుడేం చేస్తావు?”

“చెరిపేస్తానమ్మా. ప్రతి పరీక్షకీ ముందు ఫోన్లో అన్నీ చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టాలి.”

“రోజూనా?”

“రోజూ.”

అమ్మ ఫోను వంక చూసింది. తెర ఆరిపోయి నల్లగా ఉంది. ఆమె మిషనువైపు తిరిగి, గలీబు అంచు సూది కిందికి జరుపుకుంది.

“సరేలే,” అంది. “మళ్ళీ రాస్తుందిగా.”